ముందు వరసకు మోసిన సూప్

ప్లాయా తెల్మో, మెక్సికో
నవంబరు 22, 1998

అక్కా,

చేరాం. బండి చేరింది గాని నా నడుము ఇంకా చేరలేదు, అరిజోనాలో ఏదో గుంత దగ్గర ఆగిపోయినట్టుంది. ఇది తొమ్మిదో ఏడు. ఈసారి కూడా మా మోటార్‌హోమ్‌ను రెండో వరసలో, అదే పద్నాలుగో స్థలంలో నిలబెట్టాం. కిటికీ తెరిస్తే ఎదురుగా పసిఫిక్ మహాసముద్రం ఉంది. మధ్యలో, మూడో నంబరు స్థలంలో, లైల్ అనే ముసలాయన బండి అడ్డం ఉంది, అంతే. దాని వెనక అద్దం మీద "తొందరేం లేదు, రిటైరయ్యాను" అనే స్టిక్కరు ఉంటుంది. సముద్రం చూద్దామని రెండు దేశాలు దాటి వచ్చి తొమ్మిదేళ్ళుగా ఆ స్టిక్కరు చదువుతున్నాను.

ముందు వరస సంగతి నీకు చాలాసార్లు చెప్పాను, నువ్వు ఊ కొడుతూ అల్లుకుంటూ కూర్చున్నావు. మళ్ళీ చెబుతాను. సముద్రానికి ఆనుకుని ఉన్నవి ఎనిమిదే స్థలాలు. అక్కడ ఉన్నవాళ్ళు ఏటా వాళ్ళ స్థలానికే వస్తారు, తమంతట తాము వదలరు. ఈ బండ్ల పార్కు యజమానురాలు దోన్యా చాయో వంటింట్లో, ఫ్రిజ్ తలుపు మీద, ఆ వరస కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా అంటించి ఉంటుంది. నిరుడు నా పేరు రెండోది. మొదటి పేరుగల, ఆల్బర్టా నుంచి వచ్చే ఆయన ముందు వరస కోసం చూసి చూసి, వేసవిలో ఇంకా పై వరసకే వెళ్ళిపోయాడు. కాబట్టి ఈ ఏడు మొదటి పేరు నాది. నియమం ఒక్కటే, ఈస్టర్ రాకముందే పార్కు వదిలి వెళ్ళినవాడి పేరు అట్టడుగుకు పోతుంది.

"ఖాళీ ఎప్పుడవుతుంది దోన్యా?" అని అడిగాను.

"దేవుడన్నా పిలవాలి, నేనన్నా తన్నాలి సెన్యోర్. నాకు మోకాళ్ళ నొప్పులు, నేనెవర్నీ తన్నలేను" అంది.

లైల్‌కు ఎనభై నాలుగేళ్ళు. భార్య పోయింది, పిల్లలు లేరు, దగ్గు ఉంది. ఆ దగ్గు గురించి మేం రెండో వరసవాళ్ళం నువ్వు వాతావరణ వార్తలు వినేదానికంటే శ్రద్ధగా వింటాం. మా ఆవిడ డోరీన్ గురువారం గురువారం ఆయనకు మన బీట్‌రూట్ సూప్, బోర్ష్ట్ కాచి ఇస్తోంది. అచ్చమైన ప్రేమ అక్కా, ఇంకేం లేదు. మా పక్కబండివాళ్ళు అంతే ప్రేమతో సోమవారం కోడి సూప్ ఇస్తారు. మూడో వరస గుణ్ణార్ పేరు జాబితాలో నా తరవాతే ఉంది, కాబట్టి వాళ్ళావిడ ప్రేమ మంగళవారం, శనివారం రెండు రోజులూ పొంగుతుంది.

మిగతాదంతా వైభోగమే. గ్యాస్ బండి గుమ్మంలోకి వస్తుంది, నీళ్ళ బండి వస్తుంది, రొయ్యల బకెట్‌తో ఒకావిడ వస్తుంది. కత్తులు సానపట్టేవాడు పిల్లనగ్రోవి ఊదుకుంటూ వస్తాడు. బట్టలుతికే లూపే పొద్దున సంచి పట్టుకెళ్ళి సాయంత్రానికి నా బనియన్లు కూడా ఇస్త్రీ చేసి తెస్తుంది. వీళ్ళందరికీ కలిపి ఇచ్చేది మన ఊళ్ళో ఒక్క ప్లంబరు గుమ్మం తొక్కినందుకు తీసుకునేదానికంటే తక్కువ.

మూడు రోజులకోసారి మా ఇల్లు చూసిరావడం మరిచిపోకు. ఎవరూ చూడని ఇంట్లో నీళ్ళు గడ్డకట్టి పైపు పగిలితే బీమావాడు నవ్వి ఊరుకుంటాడు.

ఇసకలో కాళ్ళు పెట్టుకుని,
నీ తమ్ముడు ఓరెస్ట్

తా.క. ఈ ఉత్తరం ఇంటికి విమానమెక్కుతున్న ఒకావిడ సంచిలో కుక్కుతున్నాను. ఇక్కడ అందరిదీ అదే పద్ధతి. నువ్వూ ఇటు వచ్చేవాళ్ళెవరినన్నా పట్టుకో.


కామ్‌సాక్, సస్కాచెవాన్, కెనడా
డిసెంబరు 9, 1998

ఇసకలో కాళ్ళు పెట్టుకున్న తమ్ముడికి,

నా కాళ్ళు ఉన్నాయో లేదో నాకు తెలియడం లేదు. మైనస్ ముప్పై ఒకటి. మూడు రోజులకోసారి మీ ఇంటికి వెళ్ళి, కుళాయిలు తిప్పి, కింద గది చూసి, డోరీన్ జెరేనియం మొక్కకు నీళ్ళు పోసి కాసేపు దానితో మాట్లాడి వస్తున్నాను. అది నాకు అబద్ధాలు చెప్పదు, ఆ విషయంలో నీకంటే నయం.

ఆ సూపుల ప్రేమ చదివి కళ్ళు చెమర్చాయి. మన అమ్మ కూడా బోర్ష్ట్ గిన్నె పట్టుకుని చావు ఇళ్ళకు వెళ్ళేది. పాపం ఆవిడ పాతకాలం మనిషి, చచ్చేదాకా ఆగేది. మీరు ముందుగానే వెళుతున్నారు.

ఇక అసలు సంగతి. నీ పేర గుండె ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. ఒకరి ఉత్తరాలు నేను తెరవను, నీకు తెలుసు. కవరు పలచనిది, మా వంటింటి బల్బు పెద్దది. బైపాస్ ఆపరేషన్ అని, ఫిబ్రవరి 10 అని స్పష్టంగా కనిపించింది. ఆగస్టులో నువ్వు నాతో గ్యాస్ అన్నావు. గ్యాస్‌కు ఛాతీ కోస్తారని నాకు డెబ్భై నాలుగేళ్ళు వచ్చినా తెలియలేదు, నీ పుణ్యమా అని ఇప్పుడు తెలిసింది.

ఇది నిజమేనా? డోరీన్‌కు తెలుసా? విమానం టిక్కెట్టు ఎప్పటికి తీసుకుంటున్నావు? వెంటనే రాయి. ఫోన్ చేస్తే ఇంకా మంచిది. కాని నువ్వు చెయ్యవు, ఫోన్‌లో నీ అబద్ధాలు పలచగా వినిపిస్తాయని నీకు భయం.

పళ్ళు టకటకలాడుతూ,
నెట్టీ అక్క


ప్లాయా తెల్మో
జనవరి 3, 1999

బల్బు అక్కకు,

నీ ఉత్తరం తెచ్చిన పెద్దమనిషి దారిలో మూడు బీచ్‌లలో స్నానాలు చేసి, నిన్న తీరిగ్గా తెచ్చి ఇచ్చాడు.

నిజమే. మూడు రక్తనాళాలు మూసుకున్నాయన్నారు. జాబితాలో పెడతాం, ఎనిమిది నెలలు పడుతుంది అన్నారు. ఈస్టర్ అయ్యాక ఇంటికి వస్తాను, ఆపరేషన్ చేయించుకుంటాను, ఎవరికీ ఏ తలనొప్పీ లేదు అనుకున్నాను. వాళ్ళు ఇంత తొందరగా పిలుస్తారని ఎవరికి తెలుసు? మన ఆసుపత్రి మొదటిసారి చురుగ్గా పనిచేసింది, అదీ నా పేరు ఫ్రిజ్ మీద మొదటికి వచ్చిన ఏడే.

డోరీన్‌కు తెలియదు. ఆవిడ ఇంకా గ్యాసే అనుకుని నాకు క్యాబేజీ మానిపించింది. జబ్బు నా గుండెకు, శిక్ష క్యాబేజీకి. నువ్వు చెప్పకు.

ఇక్కడేం జరిగిందో విను. క్రిస్మస్ తరవాత రెండో రోజు లైల్ మెట్టు దిగుతూ పడ్డాడు. పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డోరీన్ నిజంగానే ఏడ్చింది. నేనూ ఏడవబోయాను గాని, గుణ్ణార్ టేపు పట్టుకుని నా పద్నాలుగో స్థలం కొలుస్తుంటే చూసి ఆగిపోయాను. అయిదో రోజు లైల్ టాక్సీలో దిగాడు. తుంటి విరగలేదు. పైగా ఎలాగూ పట్నంలో ఉన్నాను కదా, ఇక్కడ చవక కదా అని కొత్త పళ్ళు కట్టించుకుని వచ్చాడు! ఇప్పుడు సూపుల్లోని మాంసం ముక్కలు కూడా నములుతున్నాడు. మేం కాచి పోసిన సూపులకు మనిషి నిగనిగలాడుతున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన్ను బతికిస్తున్నది మేమే.

నా గురించి కంగారు పడకు. మొన్న మంగళవారం పందిరి గుడ్డ కుట్టించాను, కత్తులు సానపట్టించాను, పనిలో పనిగా పట్నంలో డాక్టర్ అరసేలీ దగ్గర ఛాతీ కూడా చూపించుకున్నాను. ఆవిడ చాలాసేపు విని, "సెన్యోర్, పందిరి గుడ్డనైతే ఇక్కడ కుట్టెయ్యొచ్చు. మీకిక్కడ కుదరదు. ఇంటికెళ్ళిపోండి" అంది. ఆవిడ ఫీజు కత్తుల ఫీజు కంటే కాస్త ఎక్కువ, సలహాకు కూడా అంతే విలువ ఇచ్చాను.

నువ్వు చెయ్యవలసింది ఒక్కటే. ఆసుపత్రికి ఫోన్ చేసి ఏప్రిల్‌కు జరపమను. మంచులో మా ఇంటికి నడవలేక నన్ను రప్పించాలని చూస్తున్నావని నాకు తెలుసులే. ఇంకో మూడు నెలలు ఓర్చుకో.

ముందు వరసకు ఇరవై అడుగుల దూరంలో,
ఓరెస్ట్


కామ్‌సాక్
జనవరి 17, 1999

ఓరెస్ట్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది, చివరి మాట నువ్వు నిజంగానే రాశావా అని చూడ్డానికి. రాశావు. నడవలేక రప్పిస్తున్నానా? ఈ చలికాలం నేను మీ ఇంటికి పాతికసార్లకు పైగా నడిచాను. మూడు రోజులకోసారి చాలు అని నువ్వన్నావు, నేను ఒక్కోసారి రెండు రోజులకే వెళ్ళాను. ఎందుకో చెబుతాను, నవ్వుకో. నీ కోటు కొక్కేనికి వేలాడుతుంటే ఇంట్లో నువ్వున్నట్టే ఉంటుంది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఫిబ్రవరి 10న రాకపోతే పేరు అట్టడుగుకు పోతుందట, మళ్ళీ ఎనిమిది నెలలు. మీ దోన్యా చాయో చుట్టాలెవరో అక్కడ పనిచేస్తున్నట్టున్నారు. "ఎనిమిది నెలలు అన్నవాళ్ళు మా తమ్ముణ్ణి ఇంత తొందరగా ఎలా పిలిచారమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. తరవాత, "ముందున్నాయనకి ఇంక అవసరం లేకపోయిందండీ" అంది.

విన్నావా? ఆ వరసలోనూ ఖాళీలు మీ వరసలో వచ్చినట్టే వస్తాయి.

"వస్తాడు, పదో తారీకు పొద్దున్నే ఉంటాడు" అని చెప్పాను. నీ పేరు మీద అబద్ధమాడటం నాకూ అలవాటవుతోంది. లేక పందిరి గుడ్డ కుట్టినవాడి చేతే, కత్తులు సానపట్టినవాడి కత్తితోనే చవకలో కానిచ్చేద్దామని ఆలోచనా? నిన్ను నమ్మలేను, బనియన్లు ఇస్త్రీ చేయించుకున్న మనిషివి.

ఇంకొక్క మాట, దీన్ని వెటకారంగా రాయడం నా వల్ల కావడం లేదు. మనం అయిదుగురం పుట్టాం. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం. మన ఇంట్లో ముందు వరస నాది, నీకంటే అయిదేళ్ళు పెద్దదాన్ని. నీ వంతు నా తరవాత. నన్ను దాటుకుని ముందుకు పోవాలని చూస్తే మాత్రం నేను ఊరుకోను. నాకు భయంగా ఉంది, ఓరెస్ట్.

డోరీన్‌కు చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పాలి.

నెట్టీ


ప్లాయా తెల్మో
ఫిబ్రవరి 4, 1999

అక్కా,

ముందు క్షమించు. ఆ నడవలేక అన్న మాట రాసిన చేతిని తిట్టుకున్నాను. తరవాత జరిగింది విను.

నీ ఉత్తరం శనివారం అందింది. జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. సోమవారం మధ్యాహ్నం మా బండి తలుపు ఎవరో కొట్టారు. చూస్తే గుణ్ణార్ భార్య, చేతిలో మూత పెట్టిన గిన్నె. "ఏదో కొంచెం ఎక్కువైంది, మీకని తెచ్చా" అంది. నా భుజం మీద నుంచి లోపలికి తొంగి చూసి, "ఎండ మీకు బాగానే పడుతుందే" అంది. పావుగంటకు పక్కబండావిడ కోడి సూప్ తెచ్చింది. సాయంత్రానికి మా బల్ల మీద నాలుగు గిన్నెలు.

మొదట నవ్వాను. తరవాత కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. సంగతి ఎలా పాకిందంటావా? లూపే చెల్లెలు డాక్టర్ అరసేలీ దగ్గర గదులు ఊడుస్తుంది. నా బనియన్లతో పాటు నా రక్తనాళాలు కూడా ఇస్త్రీ అయి ఇంటింటికీ చేరాయి.

డోరీన్ బజారు నుంచి వచ్చింది. గిన్నెలు చూసింది. ఒక మూత తీసి వాసన చూసి, మళ్ళీ పెట్టింది.

"ఎవరికివి?"

"మనకేనట. ఎక్కువయ్యాయట."

సంచి కింద పెట్టలేదు. అలాగే నిలబడింది. "తొమ్మిదేళ్ళు మోశాను నేనీ సూపు. ఎవరింటికి మోస్తారో నాకు తెలీదా? చెప్పు, ఎన్నాళ్ళైంది?"

నీ ఉత్తరం జేబులోంచి తీసి ఇచ్చాను. చదివి, ఆ నాలుగు గిన్నెలూ ఒకదాని తరవాత ఒకటి వెనక చెట్టు మొదట్లో పారబోసింది. తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి టేపు పట్టుకున్న గుణ్ణార్ కూడా అడ్డం రాలేదు.

మర్నాడు లైల్ కర్ర పొడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన మా వైపు రావడం అదే మొదలు. చేతిలో గిన్నె లేదు. "రావయ్యా, కూచుందువుగాని" అన్నాడు. వెళ్ళాను. ఆయన బండి ముందు పందిరి కింద రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఆయనది, ఒకటి పోయిన భార్యది.

"గురువారం గురువారం మీ ఆవిడ గిన్నె ఇచ్చి పోద్ది. వెనకే నువ్వొస్తావ్, కుళాయి చూస్తావ్, కరెంటు పెట్టె చూస్తావ్, పోతావ్. దగ్గెలా ఉందని అందరూ అడుగుతారు, మనిషివి ఎలా ఉన్నావని ఒక్కడూ అడగడు. ఈ రెండో కుర్చీ ఎప్పుడూ ఇక్కడే ఉందయ్యా. సముద్రం కావాలంటే వచ్చి కూచోవచ్చు కదా, నేను చచ్చేదాకా ఆగడమెందుకు?" అన్నాడు.

కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సముద్రాన్ని తిన్నగా చూశాను. పెలికాన్ పక్షులు నీళ్ళలోకి దూకుతూ ఉన్నాయి. ఆయన రెండుసార్లు దగ్గాడు. నేను లెక్క పెట్టలేదని చెప్పుకోవడానికి గర్వంగా ఉంది, కాని రెండని నీకెలా రాశానో నాకే తెలియదు. అలవాటు అంత తొందరగా పోదు. లేచేటప్పుడు మాత్రం, "ఎలా ఉన్నారు?" అని అడిగాను. "ఒంటరిగా ఉన్నా" అన్నాడు. అంతే అన్నాడు, అక్కా.

అక్కడి నుంచి నేరుగా దోన్యా చాయో వంటింటికి వెళ్ళి, ఫ్రిజ్ మీద నా పేరు నేనే కొట్టేశాను.

"ఈస్టర్ లోపల వెళితే అట్టడుగుకే సెన్యోర్. నన్ను తిట్టుకోవద్దు" అంది.

"తెలుసు దోన్యా."

ఆవిడ చేతులు తుడుచుకుని, పెన్సిలు తీసుకుని, కాగితం కింద అంచున నా పేరు మళ్ళీ రాసింది. ఇరవై మూడో పేరు. "తిరిగి రానివాళ్ళ పేరు నేను రాయను" అంది. మొదటి పేరుగా ఉన్నప్పటి కంటే ఆ ఇరవై మూడోదాన్నే ఎక్కువసేపు చూశాను.

శనివారం విమానం. డోరీన్ కూడా వస్తోంది, బండిని లైల్ చూసుకుంటానన్నాడు. గుణ్ణార్ మా పెట్టెలు టాక్సీ దాకా మొయ్యడానికి ఇప్పుడే పేరిచ్చుకున్నాడు. అంత ఉత్సాహంగా బరువులు మోసే మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఈసారి ఇంటికి వెళుతున్నవాడి సంచిలో కుక్కుదామని చూస్తే, వెళుతున్నది నేనే. కాబట్టి ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ చేతికి ఇస్తాను. నువ్వు చదువుతుంటే ఎదురుగా కూర్చుని నీ మొహం చూస్తాను. కొక్కేనికున్న ఆ కోటు తీసుకుని విమానాశ్రయానికి రమ్మని రేపు డోరీన్ చేత నీకు ఫోన్ చేయిస్తాను, నా దగ్గర చొక్కాలు తప్ప ఏమీ లేవు.

నీ తరవాతి వాడు,
ఓరెస్ట్


ఆసుపత్రి వరండా
ఫిబ్రవరి 10, 1999, సాయంత్రం

తమ్ముడూ,

నిన్ను రేపు పొద్దున దాకా చూడనివ్వరట. డోరీన్‌ను మాత్రం అయిదు నిమిషాలు పంపారు. నేను అక్కను, అక్కలకు రేపే. అందుకని ఇది రాసి నర్సు చేతికి ఇస్తున్నాను. ఉత్తరాలు ఎవరి చేతికో ఇచ్చి పంపే జబ్బు నీ నుంచి నాకు అంటుకుంది.

మొత్తం ఆరున్నర గంటలు. ఈ వరండాలో కూర్చుని నేను ఎన్ని మంచి మాటలు అనుకున్నానో నీకు చెప్పను, నెత్తికెక్కుతాయి. డాక్టరు బయటికి వచ్చి, మూడనుకున్నవి నాలుగు తేలాయి, నాలుగూ బాగుచేశాం అన్నాడు. ఒకటి అదనంగా చేసినందుకు కూడా మన దగ్గర ఏమీ తీసుకోలేదు. నీ చవక మెక్సికోకు ఆ సంగతి రాసి పంపు.

కళ్ళు తెరిచి నువ్వన్న మొదటి మాట ఏమిటో నర్సు చెప్పింది. "మూడో నంబరు ఖాళీ అయిందా?" అన్నావట. మత్తు మందు ప్రభావమని ఆ పిల్ల సర్దుకుంది. నేను సర్దుకోలేదు.

కాలేదు. డోరీన్ పార్కు కొట్టుకు ఫోన్ చేసింది. లైల్ బాగానే ఉన్నాడు. రెండో కుర్చీ లోపల పెట్టలేదట. నువ్వు వెళ్ళిన రోజే గుణ్ణార్ సూప్ పట్టుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబోతే, "అది ఓరెస్ట్‌ది, నువ్వు ఇంకోటి తెచ్చుకో" అన్నాడట. గుణ్ణార్ నిజంగానే ఇంకోటి తెచ్చుకున్నాడట! ఇప్పుడు అక్కడ మూడు కుర్చీలు.

డోరీన్ నా పక్కన కోటు కప్పుకుని నిద్రపోతోంది. నీ కోటే. కొక్కెం ఖాళీగా ఉన్నందుకు నాకిప్పుడు బెంగ లేదు.

రేపు పొద్దున బోర్ష్ట్ తెస్తాను, అమ్మ కాచినట్టే కాచాను. గిన్నె చూసి భయపడకు. నీ స్థలం మీద నాకు కన్ను లేదు. నేను నీ ముందే ఉన్నాను, అక్కడి నుంచి కదిలే ఉద్దేశం కూడా లేదు. వేడి చల్లారకముందే తాగు.

మీ అక్క,
నెట్టీ